అధ్యక్షురాలి ద్వారా చెప్పుకున్న మాట

"అధ్యక్షురాలు గారూ! నా పక్క కుర్చీలో ఉన్నావిడ నా చేతికర్ర మీద కాలు పెట్టారు. తియ్యమని చెప్పండి."

"డెల్ఫీన్, కాలు తియ్యమ్మా," అంది లూసిండా కోల్బర్న్, చిన్న సుత్తితో బల్ల మీద తట్టి.

"అధ్యక్షురాలు గారూ! ఆ కర్రే వచ్చి నా బూటు కింద దూరింది. కర్ర గల పెద్దమనిషికి ఆ సంగతి చెప్పండి."

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో మాది చిన్న ఊరు. ఏటా మార్చి మొదటి మంగళవారం బడి ఆటల హాలులో ఊరంతా కూర్చుని, చేతులెత్తి ఊరి సంగతులు తేల్చుకుంటాం. ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడకూడదు. ఏదన్నా అధ్యక్షురాలితోనే అనాలి. మా తాతల కాలంలో ఒక కంచె గురించి ముఖాముఖి మాట్లాడుకున్న ఇద్దరు పెద్దమనుషులు ముక్కులు పగలగొట్టుకున్నారట. అప్పటినుంచి ఇదే పద్ధతి.

ఆ రోజు బయట సగం వాన, సగం మంచు. కురవాలో మానాలో ఆకాశానికే తెలియనట్టుంది. లోపల డెల్ఫీన్, ఓరిన్‌ల పరిస్థితీ అంతే.

ఓరిన్ టటిల్ మేపుల్ చెట్ల రసం కాచి పాకం తీస్తాడు. డెల్ఫీన్ బళ్ళో పంతులమ్మ. రెండేళ్ళుగా ఆదివారం గుడి నుంచి ఇద్దరూ కలిసి నడిచి వచ్చేవారు. దగ్గరి దారి ఉన్నా చుట్టుదారినే వచ్చేవారు. డిసెంబరులో ఓరిన్ పాకం షెడ్డు కప్పు మీద మంచు తీస్తూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతనికి ఆరోగ్య బీమా లేదు. కబురు తెలిసి డెల్ఫీన్ ఆసుపత్రికి పరిగెత్తింది. పూలు తెస్తుందనుకున్నాడు. ఫారం తెచ్చింది.

"ఇక్కడ సంతకం పెట్టు. శుక్రవారం పెళ్ళి చేసుకుందాం. మా బడి బీమాలో నువ్వూ వస్తావు."

"నేనేమన్నా నీ కారునా, ఇన్సూరెన్సు చేయించడానికి?" అన్నాడు ఓరిన్.

ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మూడు నెలలు మాటల్లేవు. ఆమెను పెళ్ళాడాలని అతనికి ఎప్పటినుంచో ఉంది. కానీ ఇప్పుడు చేసుకుంటే బీమా కార్డు కోసం చేసుకున్నాడంటారు. అతని మేనమామ మెర్ల్ అప్పుడే దాణా కొట్లో అనేశాడు కూడా: "మావాడు కట్టు చూపించి పంతులమ్మని పట్టాడు!"

డెల్ఫీన్ ఊరుకోలేదు. ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసింది. పన్ను వేసి అందరికీ బీమా ఇవ్వమని మా ఊరు రాష్ట్రాన్ని కోరాలట. అది సభలో పద్నాలుగో అంశమయింది. దాన్ని వ్యతిరేకించడానికే ఓరిన్ కర్ర పట్టుకుని వచ్చాడు. ఖాళీ కుర్చీలు నలభై ఉండగా ఆమె పక్కనే ఎందుకు కూర్చున్నాడో దేవుడికే తెలియాలి.

చర్చ మొదలయింది.

"అధ్యక్షురాలు గారూ, నా ఆవులకి బీమా ఉంది, నాకు లేదు," అన్నాడు పాడి రైతు ఎబెన్. "నాకు దగ్గొస్తే పశువుల డాక్టరే చూశాడు."

"ఏమన్నాడు?" అంది లూసిండా.

"నిలబడగలిగితే పర్లేదన్నాడు."

మెర్ల్ లేచాడు. "బైబిల్లో మంచి సమరయుడు దారిలో దెబ్బలు తిన్నవాణ్ణి సత్రంలో చేర్చి, ఖర్చు తన జేబులోంచి ఇచ్చాడు. పన్ను కట్టలేదు!"

"ఆ సత్రానికి రోడ్డు ఎవరేశారో అడగండి అధ్యక్షురాలు గారూ," అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

పాస్టరు గారు కిటికీ వైపు చూశారు. ఆ కథ ఆయన ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నారు. రోడ్డు సంగతి ఎన్నడూ తట్టలేదు.

తర్వాత ఎవరో పళ్ళు కూడా చేర్చాలన్నారు. పళ్ళు ఒంట్లో భాగమా కాదా అని గంటసేపు వాదన జరిగింది. చివరికి నలభై ఎనిమిది మంది భాగమేనన్నారు, నలభై మంది కాదన్నారు. కళ్ళ సంగతి వచ్చే ఏడాదికి వాయిదా పడింది. దేవుడు మనిషిని చేసినప్పుడు ఈ లెక్కన విడివిడిగా చేసి ఉంటాడా అని అనుమానం వస్తుంది.

ఓరిన్ వంతు వచ్చింది. "అధ్యక్షురాలు గారూ, నేను మొండివాణ్ణి కాను. ఆ షెడ్డు మా ముత్తాత కట్టాడు. పన్ను ఇంకొంచెం పెరిగితే అమ్ముకోవాలి. అది పోతే నా దగ్గర ఒకరికి చూపించుకోదగ్గది ఏమీ మిగలదు."

డెల్ఫీన్ తల వంచుకుంది. ఆమె లేచినప్పుడు గొంతు చిన్నదయింది.

"అధ్యక్షురాలు గారూ, కాలు విరిగినవాడు పెళ్ళి చేసుకోకుండానే కట్టు కట్టించుకోగలగాలి. అంతే నేను అడిగేది. అప్పుడు ఎవరు ఎవర్ని ఎందుకు చేసుకుంటున్నారో ఊరికి అనుమానం ఉండదు. నాకూ ఉండదు."

ఓరిన్ చెవులు ఎర్రబడ్డాయి.

చేతులెత్తితే లెక్క తేలలేదు. "ఔనన్నవాళ్ళు బాస్కెట్‌బాల్ రింగు కిందికి, కాదన్నవాళ్ళు వంటింటి గోడ వైపుకి," అంది లూసిండా. మధ్యాహ్న భోజనానికి వంటింట్లో ఉడికిన బీన్స్ వాసనతో ఓట్లు లాగుతున్నారని రింగు వైపువాళ్ళు గొడవ చేశారు. ఆ గొడవలోనే ఓరిన్ కర్ర పొడుచుకుంటూ రింగు వైపు బయల్దేరాడు. డెల్ఫీన్ వంటింటి గోడ వైపు బయల్దేరింది. ఇద్దరూ నడి హాలులో ఎదురుపడ్డారు.

"అధ్యక్షురాలు గారూ," అన్నాడు ఓరిన్, ఆమెనే చూస్తూ, "ఈవిడ తన అంశానికి తనే కాదంటున్నారేమిటో అడగండి."

"షెడ్డు పోగొట్టుకోవద్దని చెప్పండి. ఆయన ఔనంటున్నారేమిటో అడగండి."

"అందరికీ బీమా ఉంటే నేను ఒక మాట అడగొచ్చని చెప్పండి."

మా ఊరి సభలో ఒకరి మాట విని ఇంకొకరు మనసు మార్చుకోవడం అంతకు ముందెన్నడూ జరగలేదు. అలా జరిగితే ఏం చెయ్యాలో నిబంధనల పుస్తకంలో లేదు. లూసిండా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి చూసింది.

అటు నలభై మూడు, ఇటు నలభై మూడు, మధ్యలో ఇద్దరు.

"ఎటో ఒకవైపు తేల్చుకోండి. బీన్స్ చల్లారిపోతున్నాయి!"

ఓరిన్ వెనక్కి తిరిగాడు. అదే క్షణంలో డెల్ఫీన్ కూడా తిరిగింది. మళ్ళీ ఎదురుపడ్డారు. మూడోసారి కూడా అలాగే అయ్యేసరికి ఎబెన్ లేచి, ఈ అంశాన్ని పక్కన పెట్టి భోంచేద్దామన్నాడు. ఆ ఒక్కటీ ఏకగ్రీవంగా గెలిచింది.

భోజనాల దగ్గర ఇద్దరూ చెరో బల్ల దగ్గర కూర్చుని ఏమీ తినలేదు. అధ్యక్షురాలు మాత్రం రెండుసార్లు వడ్డించుకుంది.

చివరి అంశం ఎప్పుడూ ఒకటే: ఇతర విషయాలు. అందులో ఎవరైనా ఏదైనా మాట్లాడొచ్చు. కానీ చట్టప్రకారం అక్కడ ఏం తీర్మానించినా ఎవరూ కట్టుబడక్కర్లేదు. ఎక్కువగా కుక్కల గురించే మాట్లాడతారు.

ఓరిన్ లేచాడు.

"అధ్యక్షురాలు గారూ. నా కాలి కట్టు గురువారం తీసేస్తారు. శుక్రవారం డెల్ఫీన్‌కి ఖాళీ ఉందేమో కనుక్కోండి. డిసెంబరులో ఆవిడ అడిగినప్పుడే ఔననాల్సింది. జాలిపడి అడిగిందనుకున్నాను. బీమాలో నా పేరు రాయక్కర్లేదు. నా పళ్ళు గట్టిగానే ఉన్నాయని కూడా చెప్పండి."

హాలంతా డెల్ఫీన్ వైపు తిరిగింది.

"అధ్యక్షురాలు గారూ, అది జాలి కాదు, భయం. భయంలో పూలు గుర్తు రాలేదు, ఫారమే గుర్తొచ్చింది. ఇంకో మాట. మంచు పడ్డప్పుడల్లా కప్పు ఎక్కే మనిషిని బీమాలో పేరు రాయకుండా నేను చేసుకోను. అది నా షరతు."

ఓరిన్ నుదురు తుడుచుకున్నాడు. "రాసుకోమనండి."

"జనం ఏమంటారో ఆలోచించారా?" అన్నాడు మెర్ల్.

"మెర్ల్, ఊళ్ళో అలా అనే జనం నువ్వొక్కడివే," అంది లూసిండా. "కూర్చో. ఔనన్నవాళ్ళు?"

హాలు దద్దరిల్లింది. మెర్ల్ నోరు కూడా కదిలింది.

"తీర్మానం నెగ్గింది. అయితే ఇది ఇతర విషయాల కింద వచ్చింది గనక, దీనికి ఎవరూ కట్టుబడక్కర్లేదని గుర్తుచేస్తున్నాను."

డెల్ఫీన్ మొట్టమొదటిసారి అధ్యక్షురాలి వైపు కాకుండా నేరుగా అతని వైపు తిరిగింది.

"నేను కట్టుబడతాను ఓరిన్."

నిబంధన తప్పింది. లూసిండా సుత్తి ఎత్తింది. కాసేపు అలాగే పట్టుకుని, మెల్లగా కింద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంది.

మరుసటి మార్చిలో పద్నాలుగో అంశం మళ్ళీ వచ్చింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఓరిన్ పన్నుల గురించి రెండు మాటలన్నాడో లేదో, డెల్ఫీన్ అతని ఒళ్ళో కోటు పడేసి లేచింది.

"అధ్యక్షురాలు గారూ! మా ఆయన చెప్పింది శుద్ధ తప్పు."