అద్దాల గోడ

చెల్లెలింట్లో రెండు రోజులుండి వచ్చిన ఆవిడ, తెల్లారకముందే ఎప్పట్లాగే కింది హాలు షట్టర్ ఎత్తి లైటు వేసింది. వేసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎదురుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడంతా అద్దమే!

వెనకాలే మెట్లు దిగొచ్చిన భర్త మొహం వెలిగిపోతోంది. "ఎలా ఉంది? నువ్వు లేనప్పుడు దగ్గరుండి అతికించాను. ఇప్పుడు చూడు, అసలైన జిమ్ములా లేదూ?"

"బాగుంది," అంది. అంత సంబరంగా అడిగితే ఏమంటుంది పాపం!

ఆ హాలంటే ఆవిడకి ప్రాణం. ఒకప్పుడు అది పాత సామాన్లు పడేసే కొట్టు. తనే కడిగి, రంగులేసి, నాలుగు రబ్బరు చాపలూ రెండు జతల డంబెల్సుతో మొదలుపెట్టింది. వానకి ఒక్కరే వచ్చిన రోజు కూడా క్లాసు ఆపలేదు. గొంతు పోయినప్పుడు చప్పట్లతో లెక్క చెప్పింది. పెద్ద జిమ్ముల గడప తొక్కడానికి సిగ్గుపడే ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆవిడ దగ్గరికి చేరారు. వీధి చివర టైలరమ్మ, ఒళ్ళొచ్చిన టీచరు, మోకాళ్ళు అరిగిపోయిన నర్సు, చివరి వరసలో కుర్చీ పట్టుకుని సాక్షాత్తూ ఆవిడ అత్తగారు.

ఆ రోజు క్లాసులో మాత్రం నవ్వుల్లేవు. టైలరమ్మ అడుగుపెడుతూనే చొక్కా కిందికి లాక్కుంది. టీచరు స్తంభం చాటుకి జరిగింది. నర్సు ఏదో పనుందంటూ మధ్యలోనే వెళ్ళిపోయింది. మర్నాడు సగం మందే వచ్చారు. వారం తిరిగేసరికి అత్తగారు తప్ప ఇంకో మనిషి లేదు. అయినా ఆవిడ షట్టర్ ఎత్తింది. ఎప్పటిలాగే హాలంతా వినబడేలా లెక్కపెడుతూ, అత్తగారొక్కదాని చేతే క్లాసంతా చేయించింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్తగారు తీర్పు చెప్పేశారు. "వాళ్ళకి ఒళ్ళు వంగదు. ఒట్టి బద్ధకం! నువ్వెందుకు అరిగిపోవడం? హాలు మూసేసి ఎవరికైనా గోడౌనుకి ఇచ్చేద్దాం."

ఆవిడ చేతిలో ముద్దని కంచంలో పెట్టేసింది.

"బద్ధకంతో కాదు. మీ అద్దం చూసి మానేశారు."

"అద్దం ఏం చేసిందే వాళ్ళని? అద్దాల్లేని జిమ్ము ఎక్కడైనా ఉందా?"

"ఉండేది. కిందే ఉండేది. నేను కావాలనే పెట్టలేదు. కాన్పయ్యాక నేను చేరిన చోట నాలుగు పక్కలా అద్దాలే. ఎటు తిరిగినా నా ఒళ్ళే కనబడేది. తట్టుకోలేక పారిపోయొచ్చాను. నాలాంటి వాళ్ళు ఎంతమందున్నారో అనే కదా ఇది పెట్టింది! గోడకి మేకు కొట్టాలన్నా అడుగుతారే, దీనికి ఒక్క మాట అడిగారా నన్ను?"

"నీకోసమేగా చేసింది!" ఆయన గొంతు లేచింది. "మంచికి పోతే నేనే వెధవనయ్యానా?"

"అరవకురా," అంది అంతదాకా తలొంచుకుని తింటున్న తల్లి. "మొన్న కాలెత్తుతూ ఎదురుగా చూశాను. ఎవరో ముసలావిడ కుర్చీ పట్టుకుని వణికిపోతోంది. అది నేనేనని తెలియడానికి కాసేపు పట్టింది. అప్పటిదాకా బాగానే చేస్తున్నాననుకున్నాను."

కోడలు గబుక్కున లేచి వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుంది. "మరి రోజూ ఎందుకొచ్చారు అత్తయ్యా?"

"నేనూ మానేస్తే నువ్వు ఎవరికి లెక్కపెడతావే పిచ్చిదానా?"

కోడలికి ఏడుపు ఆగలేదు. ఆయన చెయ్యి కడుక్కుని, ఎవరి వంకా చూడకుండా కిందికి వెళ్ళిపోయాడు.

హాల్లో ఒక్కడే అద్దం ముందు నిలబడ్డాడు. చూద్దామని గుంజీ తీస్తున్నట్టు మోకాళ్ళు వంచి కిందికి దిగాడు. చూసేవాడు తనొక్కడే, అయినా పొట్ట లోపలికి బిగబట్టాడు. ఊపిరి వదలడానికి సిగ్గేసింది. ఇంకోసారి దిగలేక అటు తిరిగి నిలబడ్డాడు. వాళ్ళంతా ఎందుకు మానేశారో అప్పుడర్థమైంది.

సాయంత్రం సరాసరి టైలరమ్మ కొట్టుకే వెళ్ళాడు. "గోడంత కర్టెన్లు కావాలండీ. కింది హాలుకి. అద్దాలు ఊడబెరికితే పగిలిపోతాయట. పెట్టింది నేనే, మా ఆవిడకి చెప్పకుండా. ఆవిడ తప్పేం లేదు."

మెళ్ళో టేపుతో టైలరమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ముందే అడిగుండొచ్చుగా సార్!"

"ఇంట్లో కూడా అదే అంటున్నారు."

ఆవిడ ఫక్కున నవ్వింది. "గుడ్డ మందంగా ఉండాలి. కొలతలకి నేనే వస్తాను, మీ కొలతలు నమ్మను."

కర్టెన్లు కట్టిన పొద్దున టైలరమ్మే టీచర్నీ నర్సునీ వెంటబెట్టుకొచ్చింది. చివరి వరసలో తల్లి పక్కన, మోకాళ్ళు పటపటలాడించుకుంటూ ఆయన కూడా నిలబడ్డాడు. ఆడవాళ్ళు ఒకటే నవ్వు. నవ్వనీ అనుకున్నాడు.

"నేను సరిగ్గా చేస్తున్నానో లేదో ఎలా తెలుస్తుందే?" అన్నాడు రొప్పుతూ.

"నేను చూస్తున్నానుగా," అంది భార్య. వెనకనుంచి వచ్చి వీపు మీద అరచెయ్యి ఆనించి నిటారుగా సర్దింది.

ఇన్నేళ్ళలో ఆవిడ కింద ఏం చేస్తోందో ఆయన ఒక్క రోజూ నిలబడి చూడలేదు. అది తలపుకొచ్చి ఆవిడ వైపు తల తిప్పాడు.

"నన్ను క్షమించవే," అన్నాడు మెల్లగా.

"అవన్నీ తర్వాత. ఇంకా సగం ఉంది, దిగండి కిందికి," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.