యేసుమణి పెరటి గచ్చు

జీవానందం బడి నుంచి ఇంటికి వచ్చేసరికి పెరట్లో ఎవరో అమ్మాయి బకెట్‌తో నీళ్ళు పారబోస్తూ ఉంది.

అతను చూస్తుండగానే రెండో బకెట్ ఎత్తింది.

"ఎవరండీ మీరు? ఏంది ఆ పని?"

ఆమె తిరిగి చూడలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, నేల మీద పాకే నీళ్ళనే చూస్తూ, "ఉండండి సార్, పోనీయండి," అంది.

మార్కాపురంలో నీళ్ళు అట్ల పారబోసే మనుషులు ఉండరు. ట్యాంకర్ వచ్చే రోజు వీధి వీధంతా బిందెలతో నిలబడుతుంది. గుమ్మంలో కూర్చున్న జీవానందం నాయన ఏసురత్నం ముఖం, కళ్ళ ముందే ఎవరో కోడిని ఎత్తుకుపోతున్నట్టు ఉంది.

నీళ్ళు పాకి పాకి వంటింటి గడప దగ్గర ఆగాయి.

"చూసినారా? వాన పడితే మీ ఇంట్లోకే వస్తాయి. కొలతలకు టేపు చాలు, వాటం మాత్రం నీళ్ళే చెప్పాల." అప్పుడు తిరిగింది. "నేను ఫెబీని. సుందరరాజు మేస్త్రి కూతుర్ని. గచ్చు పోయించాలన్నారంట గద?"

"మేస్త్రి గారిని రమ్మన్నాను."

"నాయన కంభంలో స్లాబ్ పని మీద ఉన్నాడు. నేను సివిల్ డిప్లొమా చదివినాను సార్. చిన్న పనులన్నీ ఇప్పుడు నావే."

"చిన్న పని," అన్నాడు జీవానందం. ఆ రెండు మాటలే అన్నాడు. కానీ ఫెబీ మొదటిసారి తలెత్తి అతని ముఖం సరిగా చూసింది.

అతను లెక్కల మాస్టారు. అవసరానికి మించి ఒక్క మాట వాడడు. ఈ ఏడాది అవసరానికి కూడా వాడడం లేదు.

మిగతాది ఏసురత్నమే చెప్పాడు. తన భార్య, జీవానందం వాళ్ళ అమ్మ యేసుమణి పోయి సంవత్సరం కావస్తోంది. ఆమె ఉన్నన్నాళ్ళూ ప్రతి శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన ఈ పెరట్లోనే, చాపల మీద జరిగేది. వానొస్తే బురద. ఒక వానలో రాహేలమ్మ అనే ముసలామె జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత కూడిక వేరే వీధికి పోయింది. మంచం పట్టాక కూడా యేసుమణిది ఒకటే మాట: పెరట్లో గచ్చు పోయిద్దాం, వాళ్ళు మళ్ళీ వస్తారు.

"జ్ఞాపకార్థ కూడిక నాటికి అయిపోవాలమ్మా. ఆ రోజు అందరూ ఈడికే వస్తారు. చూసి, మళ్ళీ ఇక్కడే కూర్చుందామనుకోవాల. అదే మావాడి పంతం."

ఫెబీ చేతిలో బకెట్ కింద పెట్టింది. "చిన్న పని కాదులే పెదనాయనా," అంది.

ఆ పిలుపు గురించి జీవానందానికి ఆ రోజు ఏమీ అనిపించలేదు.

*

మరుసటి సాయంత్రం పలక మీద ప్లాన్ గీశారు. యేసుమణి పలకల ఫ్యాక్టరీలో పని చేసింది కాబట్టి ఇంట్లో పలకలకు కొదవ లేదు. జీవానందం స్కేలు పెట్టి, బలపంతో దీర్ఘచతురస్రం గీశాడు.

"అంతా సమంగా ఉండాలి. కుర్చీ వేస్తే ఊగకూడదు."

"సమంగా పోస్తే నీళ్ళు నిలబడి పాచి పడుద్ది. ఇంకో ముసలామె జారి పడాల." ఫెబీ అరచేత్తో గీతలన్నీ తుడిచేసింది. "కంటికి కనపడనంత వాటం ఇద్దాం. కుర్చీ ఊగదు, నాదీ పూచీ."

"నేను గీసింది అడక్కుండా తుడిచినారు."

"తప్పు లెక్కను మీ క్లాసులో తుడవరా?"

"చేసినవాడి చేతే తుడిపిస్తాను."

"అయితే ఇందండి, ఆ మూల మిగిలింది. తుడవండి."

ప్రహరీ మీద గడ్డం ఆనించి వింటున్న పక్కింటి చెంచమ్మ పకపకా నవ్వింది. "ఒసే పిల్లా, జీవా ఒక్క పూట ఇన్ని మాటలు మాట్లాడంగా చూసి ఎన్నాళ్ళాయెనో! రేపు కూడా రా."

ఏసురత్నం గొంతు సవరించుకున్నాడు. "నీళ్ళు ఈశాన్యం మూలకు పోతే మంచిదమ్మా."

"మనకు వాస్తు ఏంది పెదనాయనా? పాస్టర్ గారు వింటే?"

"పాస్టర్ గారింట్లో గూడ ఈశాన్యమే. చూసొచ్చినా."

ఈశాన్యం మూలలో యేసుమణి పెట్టిన సొరపాదు ఉంది. ఫెబీ అటు చూసి కాసేపు ఆలోచించింది. "సరే. పాదు పక్కన ఇంకుడు గుంత తీద్దాం. వాన నీళ్ళన్నీ దాంట్లోకే. వీధి కాలవలోకి ఒక్క చుక్క పోనీయను."

ఆ మాటతో ఏసురత్నం పూర్తిగా ఆమె పార్టీలో చేరిపోయాడు.

"గోడ వారన ఉన్న ఆ పలక ముక్కల కుప్ప మాత్రం ఎత్తి పారేయాల," అంది ఫెబీ.

"ఎత్తొద్దు."

జీవానందం గొంతు పెరగలేదు. అయినా అందరూ ఆగారు.

"విరిగినవాటిని మా అమ్మ కొంగులో వేసుకుని తెచ్చేది," అన్నాడు జీవానందం. "దేనికో ఒకదానికి పనికొస్తాయనేది."

ఫెబీ ఒక ముక్క తీసి, చున్నీ చెంగుతో దుమ్ము తుడిచి, వెలుతురుకు పట్టి చూసింది. "పనికొస్తాయి సార్. గచ్చు చుట్టూ అంచుగా పొదుగుదాం. మీరు ఊ అంటేనే."

"ఊ," అన్నాడు.

అంత చిన్న మాటకు ఎవరైనా అంత సంతోషంగా నవ్వుతారని అతనికి తెలియదు.

*

గచ్చు పోసిన మర్నాడు ఫెబీ దాని మీద చిన్న చిన్న గట్లు కట్టించి, మడులు చేసి, నీళ్ళు నింపించింది.

"ఇంక మీ పని సార్. నీళ్ళు ఎప్పుడూ నిలిచే ఉండాల. ఎండితే గచ్చు పగులుద్ది, తర్వాత నన్ను అనమాకండి."

జీవానందం బడికి పోయే ముందు నింపేవాడు, వచ్చాక నింపేవాడు. అయినా ఫెబీ ఎప్పుడు వచ్చి చూసినా మడులు పొడిగా ఉండేవి. చివరికి ఒక మూల వెంట్రుకంత పగులు కనిపించింది.

"నీళ్ళు పెట్టలేదా సార్?"

"పెట్టాను."

"పెడితే ఏమైనాయి? ఈ మబ్బుకు ఆవిరైపోయినాయా?"

"పెట్టాను," అన్నాడు మళ్ళీ. అంతకు మించి అతనికీ తెలియదు.

ఫెబీ కళ్ళు ఎర్రబడ్డాయి. "మీ అమ్మగారి పనని నేను ఎంత జాగ్రత్తగా పోయించినాను! తీరిక లేదంటే లేదనండి. అబద్ధం మాత్రం చెప్పమాకండి. మీరు అట్లాంటి మనిషి కాదనుకున్నా. రేపట్నుంచి మా నాయన వస్తాడు."

స్కూటీ వీధి మలుపు తిరిగేదాకా జీవానందం అక్కడే నిలబడ్డాడు.

మర్నాడు బడికి బయల్దేరి, కళ్ళజోడు మరిచిపోయి వెనక్కి వచ్చాడు. పెరట్లో ఏసురత్నం గొంతుక్కూర్చుని మడుల్లోంచి చెంబుతో నీళ్ళు తోడుతున్నాడు. బిందె మూతికి పాత పంచె గుడ్డ కట్టి వడగడుతున్నాడు.

"నాయనా!"

చెంబు గాల్లోనే ఆగిపోయింది.

"పుల్లలచెరువులో పుట్టినోణ్ణిరా," అన్నాడు ఏసురత్నం తల ఎత్తకుండా. "చెలమలో నీళ్ళు ఊరిందాకా కూర్చోని, ముంచుకోని, మోసుకొచ్చినోణ్ణి. ఇన్ని నీళ్ళు ఊరకనే నేల మీద పండుకోని ఉంటే నా పానం ఆగడంలే. పాదుకు పోస్తున్నా, గుడ్డలకు వాడుతున్నా. ఒక్క చుక్క పారబోయలే."

జీవానందం ఆయన పక్కనే కూర్చున్నాడు. కోపం రాలేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాయన చేతులు ఏదో ఒకటి కాపాడుకోవాలని చూస్తున్నాయని అతనికి అప్పుడే తెలిసింది.

"ఆ పిల్ల అలిగిపోయింది ఇందుకేనా?"

జీవానందం ఆయన చేతిలో చెంబు తీసుకుని బిందె పక్కన పెట్టాడు.

"నాయన తోడినాడని పోయి చెప్పు."

"చెప్పను. ఆమె ముందు నువ్వు తల దించుకోవడం నాకిష్టం లేదు."

"నువ్వు దించుకుంటే నాకిష్టమా?"

ఏసురత్నం లేచి, పాదు నుంచి లేత సొరకాయ ఒకటి కోసి, మోపెడ్ మీద మేస్త్రి ఇంటికి పోయాడు. కాసేపటికి ఆయన వెనకాలే ఫెబీ స్కూటీ వచ్చింది. దాని మీద గోనె సంచుల కట్ట.

"గట్లు తీసేద్దాం. సంచులు తడిపి పరుద్దాం. తేమ నిలుస్తుంది, నీళ్ళు తక్కువ పడతాయి. ఈ ఊళ్ళో పుట్టి, మొదటే ఆ ఆలోచన రాకపోవడం నా తప్పు." పగులు మీద సిమెంటు పాలు పోస్తూ మెల్లగా అంది. "నిన్న నోరు జారినాను సార్. రెండు తిట్టండి, తీరిపోద్ది."

"తిట్టను."

"మరి ఏమన్నా అనండి."

జీవానందం ఒక సంచి పరిచాడు. అంచులు సర్దాడు. మళ్ళీ సర్దాడు. "ఒకటుంది. మా నాయనను పెదనాయనా అని పిలవమాకండి."

ఫెబీ ముఖం వాడిపోయింది. "సరే సార్," అంది.

ఆ రోజు నుంచి ఏసురత్నం 'అంకుల్' అయిపోయాడు. పలక ముక్కలు పొదుగుతున్నంత సేపూ ఆమె అవసరమైన మాటలే మాట్లాడింది. తక్కువ మాటలు వినే మనిషికి ఎంత కష్టంగా ఉంటుందో జీవానందానికి మొదటిసారి తెలిసివచ్చింది.

*

జ్ఞాపకార్థ కూడిక నాడు పెరట్లో షామియానా వేశారు. సుందరరాజు మేస్త్రి కొత్త చొక్కాతో వచ్చాడు. రాహేలమ్మ కర్రతో వచ్చింది. చెంచమ్మ గోడ మీద నుంచి కాకుండా గేటులోంచి వచ్చింది. గచ్చు చుట్టూ పలకల అంచు, ఇప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు నల్లగా మెరుస్తోంది.

పాస్టర్ గారు జీవానందాన్ని రెండు మాటలు చెప్పమన్నారు. అతను లేచి అందరినీ చూశాడు. "మా అమ్మ అడిగింది ఇదే. మీరందరూ ఇక్కడ కూర్చోవాలని," అని కూర్చున్నాడు.

రెండో పాట మధ్యలో వాన పడింది.

గాలికి జల్లు పక్కల నుంచి కొట్టింది. ఆడవాళ్ళు అలవాటుగా చీరలు ఎత్తి పట్టుకుని సగం లేచారు.  రాహేలమ్మ పడిన నాడు కూడా కూడిక ఇట్లాగే లేచిపోయింది.

రాహేలమ్మ లేవలేదు. కర్రతో గచ్చు మీద గట్టిగా ఒక్కటి కొట్టింది. "కూర్చోండే! బురద యాడుంది? చూడండి!"

అందరూ కిందికి చూశారు. నీళ్ళు ఎక్కడా నిలవడం లేదు. సన్నటి పొరలాగా జరిగి, నల్లటి అంచు వెంట వరుసగా నడుచుకుంటూ, సొరపాదు మూలకు పోతున్నాయి.

"మణి మాట నెగ్గింది," అంది రాహేలమ్మ. "వచ్చే శుక్రవారం నుంచి ఈడనే. ఏమంటారే?"

జవాబుగా అందరూ ఆపిన పాట అందుకున్నారు. ఈసారి వాన చప్పుడు వినపడలేదు.

జీవానందం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జల్లు దాని మీద పడనే లేదు.

ప్రార్థన అయ్యాక అందరూ టీకి వసారాలో చేరారు, చూస్తే ఫెబీ ఇంకుడు గుంత దగ్గర బురదలో నిలబడి, అడ్డం పడిన ఆకులు చేత్తో తీస్తోంది. అతను గొడుగు తీసుకుని పోయాడు.

"తడుస్తున్నారు."

"తడిస్తే పగలను లెండి," అంది అటే చూస్తూ. "అంకుల్‌కు చెప్పండి, ఒక్క చుక్క బయటికి పోలేదని."

"అంకుల్ ఏంది?"

"మీరే గద పెదనాయనా అనొద్దంటిరి. పరాయిదాన్ని గదా, అంకులే సరి."

"మీరు ఆయనను పెదనాయనా అంటే, నేను మీకు అన్ననవుతాను."

"అయితే?"

గొడుగు మీద వాన గట్టిగా పడుతోంది. అతను దాన్ని ఆమె వైపు పూర్తిగా జరిపాడు.

"నాకు అన్న కావాలని లేదు, ఫెబీ."

ఫెబీ చేతిలో ఆకు జారి గుంతలో పడింది. మళ్ళీ తీయాలని ఆమెకు తోచలేదు.

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళా?" అంది చివరికి. "నన్ను ఎంత ఏడిపించినారు!"

"సరైన మాట దొరకలేదు."

"మరి ఏమని పిలవాల ఆయన్ని?"

"అది నీ ఇష్టం."

ఫెబీ అతని వైపు ఒక్క చూపు చూసింది. తర్వాత వసారా వైపు తిరిగి, వాన మీదుగా, వీధంతా వినపడేటట్టు పిలిచింది.

"మామా! ఒక్క చుక్క బయటికి పోలే! వచ్చి చూడండి!"

వసారాలో అందరూ ఇటు తిరిగారు.

"ఏందే పిల్లా," అంది చెంచమ్మ, "మొన్న పెదనాయన, నిన్న అంకులు, ఇయ్యాల మామనా?"

సుందరరాజు కూతుర్ని చూశాడు. గొడుగు పట్టుకుని, తాను మాత్రం నిండా తడుస్తున్న మాస్టారిని చూశాడు. టీ గ్లాసు కింద పెట్టి, ఏసురత్నం వైపు తిరిగాడు. "ఏం బావా?" అన్నాడు.

ఏసురత్నం లేచి లోపలికి పోయాడు. ఫెబీ వచ్చి గచ్చు అంచున నిలబడింది. పాదాలు చీలమండల దాకా బురద.

ఆయన బయటికి వచ్చాడు. చేతిలో చెంబు ఉంది, నీళ్ళు అంచుల మీదుగా తొణుకుతున్నాయి.

"కాళ్ళు కడుక్కోని లోపలికి రా అమ్మా."

ఫెబీ చెంబు అందుకుని, ఆయన సంగతి తెలుసు కాబట్టి, పాదం మీద సన్నగా ఇంత పోసుకుంది.

"అట్ల పొదుపు చేస్తావేంది?" అన్నాడు ఏసురత్నం. "బాగా పోసుకో. ఇంకో చెంబు తెస్తా."