టేపు రెండో కొస

పొద్దున్న ఆరయ్యేసరికి ఆ ఇంట్లో మూడు చప్పుళ్లు మొదలవుతాయి. వంటగదిలో టీ మరుగుతుంది. ముందుగదిలో కుట్టుమిషన్ కదులుతుంది. గోడవతల మట్టి కోర్టు మీద రోలర్ దొర్లుతుంది. ఆ మూడోది ఇంటాయన పని. టెన్నిస్ క్లబ్బు వెనకే ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో ముప్పై ఏళ్లుగా కాపురముంటూ, నాలుగు మట్టి కోర్టులను తడిపి, రోలర్ తోలి, బ్రష్‌తో ఊడ్చి చూసుకుంటున్నాడు. "నా తల ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా దువ్వావా నాన్నా?" అని కూతురు వేళాకోళం చేస్తుంటుంది.

ఆయనకింకో అలవాటుంది. కోర్టు గీతలంటే మట్టిలోకి మేకులతో దిగగొట్టిన తెల్ల పట్టీలే కదా. వాటిని ఆయన రోజూ వరసగా మూడుసార్లు కొలుస్తాడు. స్టీలు టేపు ఒక కొస తను పట్టుకుని, రెండో కొసను నెట్ దగ్గర మేకుతో మట్టిలోకి గుచ్చి నడుస్తాడు. అందుకే ఆటగాళ్లు ఆయనకు 'అంగుళం మాస్టారు' అని పేరు పెట్టారు. ఆ పేరు వినపడితే అందరూ నవ్వుతారు, ఆయన తప్ప. "అమ్మను పిలిస్తే ఆ కొస పట్టుకుంటుందిగా" అని కూతురు ఎన్నిసార్లన్నా, "దానికి కుట్టుపని లేదా?" అని కొట్టిపారేస్తాడు.

కూతురు ఆ క్లబ్బు ఆఫీసులోనే పనిచేస్తుంది. ఏటా అక్కడ వారం రోజుల పాటు ఒక చిన్న ప్రొఫెషనల్ టోర్నమెంట్ జరుగుతుంది. ఆటే బతుకుతెరువుగా పెట్టుకుని, నాలుగు ర్యాంకింగ్ పాయింట్ల కోసం ఊరూరా తిరిగేవాళ్లు బస్సులు దిగి వస్తారు. గెలిచినవాడి పేరు పేపర్లో ఆఖరి పేజీలో వస్తుంది, అదీ జాగా మిగిలితే. ఈ ఏటికి ఆ టోర్నమెంట్‌కి ముప్పై ఏళ్లు. చరిత్ర పుస్తకం రాసే పని కూతురికి అప్పగించారు. టోర్నమెంట్ అయ్యాక అంగుళం మాస్టారు పని మానుకుంటున్నాడు కాబట్టి, ఫైనల్ రోజున ఆయనకు వీడ్కోలు సభ కూడా పెట్టారు.

ఆ రోజు టీ తాగుతూ కూతురు కాగితాలు తీసింది. "వినండి, వినండి! మొదటి ఏడాది ఎనిమిది మందే ఆటగాళ్లు. అంపైర్ కూర్చోవడానికి కుర్చీ లేక రంగులవాడి నిచ్చెన తెచ్చారు. రెండో సెట్లో నిచ్చెన ఒరిగి అంపైర్ నెట్ మీద పడ్డాడు."

"ఆయన ప్యాంటు నేనే కుట్టిచ్చాను" అంది మిషన్ దగ్గర్నుంచి తల్లి. నవ్వు ఆపుకోలేక సూది గుచ్చుకోబోయింది.

"రెండో ఏడు గాలికి స్కోరుబోర్డు ఎగిరిపోయి పక్కవీధి మంగలి షాపులో తేలింది. ఇంక అసలు కథ నాలుగో ఏడాది ఫైనల్. ఆ రోజు ఓడిపోయినాయనకు నిన్న ఫోన్ చేశాను నాన్నా! ఇప్పుడు కోచ్ అట. మన సభకు ఆయనే ముఖ్య అతిథి. మూడో సెట్, మ్యాచ్ పాయింట్. ఆయన కొట్టిన బంతి వెనక గీత దగ్గర పడింది. మట్టి మీద గుర్తు పడుతుంది కదా, అంపైర్ దిగొచ్చి చూశాడు. గీతకు రెండు వేళ్ల అవతల. అవుట్! 'ఆ రెండు వేళ్ల మట్టి నాకింకా కళ్లకు కడుతోందమ్మా' అన్నాడు."

తండ్రి గ్లాసు కింద పెట్టాడు. "ఆ పేజీ తీసెయ్."

"ఎందుకు? పుస్తకానికంతా ప్రాణం అదే!"

"ఫలానావాడు గెలిచాడు, ఫలానావాడు ఓడాడు. అంతవరకు రాయి. ఆ బంతి ఊసెత్తావంటే నేను సభకు రాను. నువ్వే ఉంచుకో నీ పుస్తకం."

కూతురికి ఒళ్లు మండింది. రెండు నెలల కష్టం మరి. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నీకెందుకింత ఉలుకు? బంతి కొట్టింది నువ్వా? అవుటన్నది నువ్వా?"

"గీత వేసింది నేను!"

అంత గట్టిగా ఆయన ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, గ్లాసుకేసి చూస్తూ చెప్పాడు. "ముందురోజు వానకు వెనకపట్టీ లేచిపోయింది. ఫైనల్ రోజు పొద్దున్నే మళ్లీ కొట్టాను. నెట్ నుంచి ముప్పై తొమ్మిది అడుగులుండాలి. మర్నాడు సోమవారం కొత్త స్టీలు టేపుతో చూస్తే మూడంగుళాలు తక్కువ. అంటే అతని బంతి అసలు లోపలే పడ్డట్టు. అప్పటి సెక్రటరీకి చెప్పాను. జరిగిందేదో జరిగింది, నోరు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. కొలత చూడ్డంలో పొరపాటు నాది. చాలా?"

ముందుగదిలో మిషన్ ఆగిపోయింది. తల్లి బొత్తాల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అడుగున వెతికి, వేలెడంత బట్టముక్క తీసింది.

"పొరపాటు ఆయనది కాదమ్మా, నాది" అంది కూతురితో. "అప్పుడు బట్ట టేపు ఉండేది. దాని కొస పీలికలైపోతే, పట్టుకోవడానికి నున్నగా ఉండాలని కత్తిరించి, అంచు మడిచి, ఇత్తడి ఉంగరం కుట్టాను. ముక్క మీద ఏం కనపడలేదు, ఉత్త బట్టే అనుకున్నాను. సోమవారం ఆయన కోర్టులో అలా కొయ్యబారి నిలబడితే అనుమానమొచ్చి, దీన్ని వెలుతురుకు పట్టి చూశాను. అరిగిపోయిన అంకెలున్నాయి. ఒకటి, రెండు, మూడు."

కూతురు ముక్కను కిటికీ వైపు పట్టి చూసింది. నిజంగానే ఉన్నాయి.

"మీకు తెలిసిందని నాకప్పుడే తెలుసండీ" అంది తల్లి. ఈసారి భర్త వంక తిరిగింది. "పెళ్లయిన దగ్గర్నుంచి టేపు రెండో కొస నేనే పట్టేదాన్ని. ఆ సోమవారం నుంచి ఒక్కసారి కూడా పిలవలేదు మీరు. నా చెయ్యి కన్నా మేకు నయమనుకున్నారు. అనుకోరా మరి? అడుగుదామంటే నాకు మొహమేదీ?"

ఆయన తెల్లబోయాడు. లేచి లోపలికెళ్లాడు. ట్రంకుపెట్టె మూత తెరిచిన చప్పుడైంది. పసుపుపచ్చగా మారిన బట్ట టేపు చుట్ట పట్టుకుని వచ్చాడు. కొసన ఇత్తడి ఉంగరం చెక్కు చెదరకుండా ఉంది.

"పిచ్చిదానా! నీ మీద నమ్మకం లేకనా? కొత్త టేపు నీ చేతికిస్తే పాతదేదీ అని అడుగుతావు. అడిగితే చెప్పాలి. కొలతల మీద బతికేదానివి, తెలిస్తే ఇంక కత్తెర ముట్టవని భయపడి దాచాను. ఈ కుట్టు చూడు, ఎంత బాగా కుట్టావో! పారెయ్యడానికి మనసొప్పలేదు."

తల్లి ఆ ఉంగరాన్ని వేలికి తొడుక్కుని భోరుమంది. ఇరవై ఆరేళ్ల ఏడుపు అది, ఒక పట్టాన ఆగలేదు. ఆయన పక్కనే నిలబడి, ఏం చెయ్యాలో తోచక, చల్లారిన టీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు. కూతురికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

"దొందూ దొందే! ఇద్దరికీ తెలిసిన రహస్యం ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారా? ఇద్దరూ కలిసి నా పేజీ మీద పడ్డారు!"

ఆయన ఫోన్ తెచ్చి కూతురి చేతికిచ్చాడు. "ఆ కోచ్ నంబరు కలుపు" అన్నాడు. "సభలో మొహం చూడబోయే ముందు నేనే చెప్పాలి."

ఫోన్ స్పీకర్లో పెట్టారు. ఆయన పూసగుచ్చినట్టు చెప్పాడు. ఉంగరం సంగతి మాత్రం చెప్పకుండా దాటెయ్యబోతే, తల్లి ముందుకొచ్చి "కత్తిరించింది నేను బాబూ" అంది.

"ఆ దెబ్బ గురించి పిల్లలకు రోజూ పాఠం చెప్తున్నానండీ" అన్నాడు కోచ్. "ఆఖరి పాయింట్ దగ్గర అత్యాశకు పోకండి, నాలా అవుతారని. ఇప్పుడా పాఠమేం చెయ్యమంటారు?" గొంతులో బాధ ఉంది, దాచుకోలేదు. మళ్లీ తనే అన్నాడు. "నిజం చెప్పాలంటే, ఆ పొట్టివైపు నేనూ ఆడాను కదా. రెండు గేములకోసారి వైపులు మారాం. రెండో సెట్లో అవతలి ఆటగాడి బంతులు రెండు అక్కడే అవుటయ్యాయి. ఆ సెట్ నేను గెలిచింది మీ మూడంగుళాల పుణ్యమేనేమో ఎవరు చూడొచ్చారు? అమ్మా, ఆ రోజు పొద్దున నా నిక్కరు బొత్తాం ఊడితే కుట్టింది మీరే, గుర్తుందా? మీరు కుట్టకపోయి ఉంటే ఫైనల్ ఇంకో రకంగా చరిత్రకెక్కేది."

తల్లి కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది.

"ఆ పేజీ ఉంచండి. ఉన్నదున్నట్టు రాయండి" అన్నాడు కోచ్. "ఎల్లుండి వచ్చి ఆ టేపు నా కళ్లతో చూస్తాను."

ఫోన్ పెట్టేశాక తండ్రి స్టీలు టేపు తీసుకుని కోర్టులోకి నడిచాడు. కొస గుచ్చే మేకు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. గోడ మీదుగా పిలిచాడు. "ఇదిగో, ఒకసారి రా. కొస పట్టుకో."

తల్లి కుడుతున్న లాగును సూదితో సహా వదిలేసి పరుగులాంటి నడకతో వెళ్లింది. నెట్ దగ్గర గొంతుక్కూర్చుని, టేపు కొసను రెండు చేతులతో నేలకు అదిమిపట్టింది. ఆయన వెనక గీత దాకా నడిచి, వంగి చూశాడు.

"ఎంతండీ?"

"ముప్పై తొమ్మిది. సరిగ్గా."

కూతురు వాకిట్లో నిలబడి చూస్తోంది. రెండోసారి ఎప్పుడు కొలుస్తాడా అని ఎదురుచూసింది. ఆయన టేపు చుట్టేసి, భార్యకు చెయ్యిచ్చి లేపి, రోలర్ దగ్గరకు వెళ్లిపోయాడు.