పొయ్యిచూపు

జకరయ్య ప్రతి ఉదయంలాగే సరిహద్దు అవతలి ఊళ్లలో వెలిగే పొయ్యిలు తెర మీద లెక్కపెట్టాడు. గుర్రాలమిట్ట దగ్గర ఆగి, సున్నా అన్నాడు.

హైమావతికి సంతోషం వేసింది. ఆ ఊరిని ఆనుకున్న కొండలో శత్రువుల ఆయుధాల కొట్టు ఉంది. ఖాళీ చేయమని మూడు వారాలుగా, ఆ ఊరికి మాట చేర్చి బదులు తెచ్చే దండోరా పెట్టెలో మొత్తుకుంటే ఇన్నాళ్లకు విన్నారన్నమాట.

నింగిగునపం ఆమె రూపకల్పనే. తాటిచెట్టంత లోహపు కమ్మీ. ఆకాశంలో వేలాడుతుంటుంది. మందుగుండు ఉండదు, అంత ఎత్తు నుంచి పడే వేగమే చాలు. దానికి ఆమె పొయ్యిచూపు అమర్చింది. వంటవేళ ఊళ్లో ఒక్క పొయ్యి వేడిగా ఉన్నా గునపం కదలదు. ఒక్కటీ లేకపోతే పావుగంట చూసి తనంతట తనే దిగుతుంది. ఆపే మీట ఎవరికీ ఇవ్వలేదు. మనిషి చేయి దూరే సందుంటే, కోపమొచ్చిన రోజు పొయ్యిచూపునే కట్టేస్తాడని ఆమె భయం. తొమ్మిదేళ్లలో ఒక్క ప్రాణం పోలేదని ఆమెకు కాస్త గర్వం కూడా.

జకరయ్య మాత్రం తెర వదల్లేదు. నిన్న నలభై పొయ్యిలున్నాయని, దారిలో ఒక్క బండి కూడా కదిలిన జాడ లేదని గొణిగాడు.

"ఎవరో పోయుంటారు మేడమ్. శవం లేచేదాకా మా ఊళ్లోనూ ఎవరూ పొయ్యి ముట్టించరు."

పట్నంలో పుట్టి పెరిగిన హైమావతికి ఆ సంగతే తెలియదు. గునపం దిగడానికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి.

దండోరా పెట్టె తెరిచి, గునపం దిగబోతోందని చెప్పి, ఏ ఇంట్లోనైనా సరే ఒక్క పొయ్యి వెలిగించమని బతిమాలింది. ఊరందరి మంచీచెడ్డా చూసిన మనిషి వాకిట్లో పడుకుని ఉంటే అదెలా కుదురుతుందని ఒక పెద్దమనిషి ససేమిరా అన్నాడు. ఊరు ఖాళీ చేయించలేక ఇప్పుడు ఆచారం మీద పడ్డారని ఇంకెవరో తిట్టారు. ఎంతైనా తిట్టండి గానీ ముట్టించండి అంది హైమావతి. తను ఏడుస్తున్నట్టు ఆమెకే తెలియలేదు.

రెండు నిమిషాలుందనగా తెర మీద ఒక ఎర్రచుక్క వెలిగింది. గునపం నిలిచిపోయింది. జకరయ్య ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

కాసేపటికి పెట్టెలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. పోయినాయన భార్య ఆమె. ఊళ్లో ఎవరికీ చేతులు రాకపోతే తనే లేచిందట.

"శవాన్ని పెట్టుకోని పొయ్యి ముట్టించినా తల్లీ. ఎసరు గూడా పెట్టినా. ఇప్పుడు ఎవురికి వండమంటావో నువ్వే చెప్పు."