కల్లం మీద గీసిన పార్కు

"మా కల్లాన్ని బీడని రాసింది నువ్వేనా? మీ పార్కుకి మా జాగానే దొరికిందా?"

ఆరబోసిన మిరపకాయల మధ్య నిలబడి నజ్మీన్ వేసిన కేకకి ఇళ్ల కంపెనీ ఇంజనీరు ముదస్సిర్ నోరు తెరిచాడు. తుమ్మాడు. ఆపకుండా తుమ్మాడు. తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"తుమ్మితే సరిపోదు. మాట్లాడు."

"ఈ ఘాటు మాట్లాడనిస్తే కదండీ!"

"ఘాటా? ఇది మా అన్నం."

పర్చూరు రోడ్డు పక్కన వందల ఇళ్ల వెంచర్ లేస్తోంది. ఉన్న ఊరికే చాలని నీళ్లు కొత్తగా దిగే వేలమందికి ఎక్కణ్ణుంచి తెస్తారు? వాళ్ల మురుగు ఎటు పోతుంది? అడిగితే రంగుల బ్రోచర్ చేతిలో పెడతారు. అందులో పచ్చగా మెరిసే పార్కు మరేదో కాదు, కౌలు రైతులందరూ కాయ ఆరబెట్టుకునే ఉమ్మడి కల్లం. ఆ సర్కారు జాగాని పార్కు లెక్కలో వేసేస్తే, కంపెనీ తన పార్కు జాగాని ప్లాట్లు కోసి అమ్ముకోవచ్చు. అప్పుడు నజ్మీన్ తండ్రి అల్లాబక్షు లాంటివాళ్లు తడికాయనే వ్యాపారి అడిగిన ధరకి తెగనమ్ముకోవాలి.

"నేను సర్వేకి వానల్లో వచ్చానండి," అన్నాడు ముదస్సిర్ కళ్లు తుడుచుకుంటూ. "గడ్డి తప్ప ఏమీ లేదు. ఖాళీ అనుకున్నా."

"వానల్లో మిరపకాయ ఎవరన్నా ఆరబెడతారా? ఏ ఊరయ్యా నీది?"

"నల్లపాడు."

"గుంటూరు పక్కన పుట్టి కాయ ఎప్పుడు ఎండుద్దో తెలీదా?"

"మా నాన్నది టైలరింగండీ."

నజ్మీన్‌కి నవ్వొచ్చింది. కోపం మధ్యలో నవ్వు రావడం ఆమెకి అస్సలు నచ్చలేదు.

ఆ తర్వాత అతను ముఖానికి రుమాలు కట్టుకుని సాయంత్రాలు కల్లానికి రావడం మొదలెట్టాడు. ఏది మంచికాయో, ఏది తాలుకాయో అడిగేవాడు. చెప్పిందల్లా వినేవాడు. అతను ఆలస్యమైన రోజు కరీమున్ పిన్నమ్మ ఊరుకునేది కాదు.

"ఏమే, తుమ్ములబ్బాయి ఇంకా రాలేదేం?"

"నన్నడుగుతావేం పిన్నమ్మా? నేనేమన్నా కాపలానా?"

"కాపలా లేకపోతే రోడ్డు మీద చూపెందుకే?"

ఒక శనివారం అతను తల దించుకుని వచ్చాడు.

"రేపు కస్టమర్ల బస్సు వస్తుందండి. ఒక్కరోజు కాయ ఎత్తించమని మేనేజరు చెప్పి పంపాడు."

నజ్మీన్ చెయ్యి ఆగిపోయింది. "ఇన్నాళ్లూ వచ్చింది దీనికా?"

"కాదండీ, నా మాట..."

"పో ఇక్కణ్ణుంచి!"

ఆ పూట ఆమె తొడిమలతోబాటు సగం కాయలు కూడా తుంచేసింది.

కల్లంలో ఎవరూ కాయ ఎత్తలేదు. ఆదివారం బస్సు వెంచర్ గేటు దగ్గర ఆగాల్సింది, కల్లం అంచున ఆగింది. ముందు ముదస్సిర్ దిగాడు. వెనక దగ్గుకుంటూ కస్టమర్లు దిగారు.

"ఇదండీ మీకు చూపించిన పార్కు," అన్నాడు గట్టిగా. "ఏటా ఇక్కడ మిరపకాయ ఆరుతుంది. ఇది కంపెనీది కాదు. సరిగ్గా చూడకుండా గీశాను, తప్పు నాది. కొనేవాళ్లు తెలిసి కొనండి."

"మరి మా పార్కేదయ్యా?" అని ఒక పెద్దాయన మేనేజరు మీదికి పోయాడు. మిగతావాళ్లూ చుట్టుముట్టారు. మేనేజరు ఫోన్ చెవికి పెట్టుకుని బస్సు వెనక్కి జారుకున్నాడు.

బస్సు వెళ్లిపోయాక ముదస్సిర్ ఆమె ఎదుటికొచ్చాడు. "రాజీనామా చేసేస్తున్నా నజ్మీన్ గారూ. ఇప్పుడన్నా నమ్ముతారా? మీరంటే నాకు ఇష్టం."

తొడిమలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. నజ్మీన్ చెంపలు వేడెక్కాయి. అయినా తల దించలేదు.

"నాకూ ఇష్టమే. రాజీనామా దేనికి? నువ్వు పోతే ఇంకోడొస్తాడు, నీ గీత మీదే గోడ కడతాడు. అప్పుడు మా కాయ నీ మంచితనం మీద ఆరబెట్టుకోవాలా?"

అతను రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఉద్యోగం వాళ్లు పీకితే పీకనీ, నువ్వు మాత్రం వదలొద్దు. ఆ పార్కుని కంపెనీ జాగాలోకి జరిపి ప్లాను మళ్లీ గీయి. నీళ్ల సంగతి, మురుగు సంగతి తేలేదాకా ఒక్క గోడ లేవకూడదని అడుగు."

"మరి మా అమ్మని... మీ ఇంటికి..."

"తీసుకురా, వద్దన్నానా? కల్లం తేలాక తీసుకురా. రేపు సోమవారం, అర్జీలు తీసుకునే గ్రీవెన్స్ ఉంటుంది. మా నాన్నతోబాటు కలెక్టరాఫీసుకి నడువు. ఇక్కడ చెప్పిందే అక్కడా చెప్పు, అందరూ వినేటట్టు చెప్పు!"