పదో ఫాదర్ గారి వరస

నమ్మనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్లండి. మధ్యలో లేస్తే మాత్రం నేను ఊరుకోను.

యానాం పార్థసారథి గారంటే ఆషామాషీ మనిషి కాదు. చెదలు కొట్టేసిన ఫ్రెంచి రాతని పదడుగుల దూరం నుంచి చదివేసేవాడు. రోజుకి నాలుగు వేల పేజీలు స్కాన్ చేస్తుంటే యంత్రం అలిసిపోయేది గానీ ఆయన అలిసేవాడు కాదు.

సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో పాత కాగితాలు స్కాన్ చేసే చిన్న ఆఫీసు. మధ్యాహ్నం మూడైంది. ఆయన ముందు ఒక చావుల పుస్తకం. తెల్లదొరల కాలంలో, ఆఫ్రికాలో ఓ నది పొడవునా కేథలిక్ మిషనరీలకి అప్పగించిన ఇలాకా తాలూకుది. అక్కడ జ్వరం ఫాదర్లని ఒక్కొక్కరినే మింగింది. పోయినవాణ్ణి పాతిపెట్టినవాడే వివరం రాసి సంతకం పెట్టాలి. కింది వరసలో ఆ సంతకం పెట్టినవాడి చావు, ఇంకొకరి చేత్తో. అలా తొమ్మిది వరసలు. తొమ్మిదోదాని కింద ఫాదర్ ఓగుస్త్ సంతకం. పదో వరస ఖాళీ.

“పాపం, ఈయనకి రాసే దిక్కే లేకపోయింది,” అంటూ పార్థసారథి పెన్ను తీశాడు.

పక్క సీటులో అనన్య ఉలిక్కిపడింది. సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, మాట చివర ‘లా’ తగిలించడం అక్కడి అలవాటు. “అంకుల్! ఒరిజినల్ మీద రాయకూడదు లా!”

“నూరేళ్లుగా ఒక్కడికీ చేతకాని పని. చూస్తూ ఉండమ్మా.”

రాశాడు. ఓగుస్త్, జ్వరం. కింద తన సంతకం, వంపులన్నీ తిప్పి మరీ.

ఏసీ గాలిలో తడిమట్టి వాసన. ఆ వెనకే కుళ్లిన పూల వాసన. నేల కింద ఎక్కడో పార గీరుతున్న చప్పుడు... ఆగింది... మళ్లీ...

“అంకుల్... మీకూ వినిపిస్తోందా?”

“ఊఁ.” పుట్టాక ఆయన ఇంత చిన్న జవాబివ్వడం అదే మొదలు.

మెడ కాలిపోతోంది. పళ్లు టకటకలాడుతున్నాయి. పుస్తకం మూయబోయాడు. పదకొండో వరస... తడి సిరా... తన పేరు. జ్వరం. ఎల్లుండి తేదీ.

“సంతకం లేదు అంకుల్,” అనన్య ఆ వరస కింద ఖాళీని వేలితో చూపించింది. “సంతకం లేకపోతే చెల్లదు కదా...”

“చెల్లదు... చెల్లదమ్మా.”

ఆ మాట పట్టుకునే ఆస్పత్రిలో రెండు రోజులు జ్వరంతో కుస్తీ పట్టాడు. ఆ గుండె ధైర్యానికి డాక్టర్లే దండం పెట్టారు. ఎల్లుండి మాత్రం దాటలేదు.

సాక్ష్యం కావాలా? బుకిట్ పంజాంగ్‌లో ఉంటున్న ఆ పిల్లనే వెళ్లి అడగండి. ఆ రెండు రోజులూ ఆయన చెయ్యి వదలకుండా మంచం పక్కనే కూర్చుంది. ఈలోగా జురాంగ్ ఆఫీసులో, తాళం వేసిన అరలో, పదకొండో వరస కింద ఆరని సిరాతో సంతకం...

అనన్య.