కోపం తాగే కట్టు

"నీ కుర్చీ మా అల్లుడికిస్తున్నానమ్మా," అన్నాడు రేవు అధికారి భుజంగరావు, కాఫీ ఊదుకుంటూ.

అలివేణికి ఒళ్ళు మండిపోయింది. బందరు రేవులోకి ఓడలను నడిపించే గదికి పెద్ద కావడానికి ఏళ్ల తరబడి రెక్కలు ముక్కలు చేసుకున్న మనిషి ఆమె. కడిగేద్దామని నోరు తెరిచింది. అంతలో మోచేతి పైనున్న సాంత్వని కట్టు చురుక్కుమంది. ఒళ్ళంతా చల్లబడింది. పిడికిలి దానంతటదే సడలింది.

"సరేనండి," అంది.

సాంత్వని గర్భిణుల ప్రాణం కాపాడే కట్టు. గర్భిణి ఒంట్లో రక్తనాళాలను బిగించే హార్మోన్లు పెరిగినా, మామూలుగా నాళాలు వాటి మాట వినవు; అందుకే రక్తపోటు అదుపులో ఉంటుంది. కొందరిలో మాత్రం ఉన్నట్టుండి వినడం మొదలెడతాయి. పోటు ఎగబాకుతుంది, ఫిట్స్ వస్తాయి, ప్రాణాల మీదికొస్తుంది. సాంత్వని ఆ బిగింపును పసిగట్టి మందు వదులుతుంది. కోపం వచ్చినా నాళాలు బిగుస్తాయి. ఆ తేడా కట్టుకు తెలియదు; కోపాన్నీ అలాగే చల్లార్చేస్తుంది. తెలియాలని దాన్ని చేసిన మహానుభావులకూ తోచలేదు!

ఆ లోపంతో లాభం లోకానికి మాత్రం వెంటనే తోచింది. పూర్వం కడుపుతో ఉన్న మనిషి చెవిన చెడ్డ కబురు పడనిచ్చేవారు కాదు. ఇప్పుడు కట్టు ఉండగా చెప్పేయొచ్చని ఆ కబుర్లన్నీ ఆమె కోసమే దాచిపెడుతున్నారు.

"ఎప్పుడో అనుకున్నా. నువ్వు కట్టు కట్టించుకున్నాక చెబుదామని ఆగా," అన్నాడు భుజంగరావు. సిగ్గయినా లేదు.

ఆమె అటునుంచటే ఆసుపత్రికి వెళ్లింది. "దీన్ని విప్పెయ్యండి డాక్టరుగారూ. నేను మనిషిలా కోప్పడాలి."

"పోయినసారి బిడ్డ ఎట్లా పోయిందో మర్చిపోయావా తల్లీ?" అంది డాక్టర్ విమలాబాయి.

అలివేణి మర్చిపోలేదు. కట్టు ఉంచుకుంది.

ఆడపిల్ల పుట్టింది. బాలింతకూ రక్తపోటు ముప్పుంటుందని మరికొన్ని వారాలు ఆగి కట్టు విప్పారు. ఆ రోజే పిల్లనెత్తుకుని అలివేణి తిన్నగా రేవు ఆఫీసుకు వెళ్లింది.

"ఎవడబ్బ సొమ్మని నా కుర్చీ మీ అల్లుడికిచ్చారు?"

అబ్బ, ఎన్నాళ్లయింది ఆ గొంతు విని! చేతుల్లో పసిది ఉలిక్కిపడి గుక్కపట్టింది. అలివేణి కంగారుపడి, "ఏం లేదమ్మా, ఏం లేదు," అంది, కట్టు ఉన్నప్పటి ఆ చప్పని గొంతుతో. పాప టక్కున ఊరుకుంది.

"చూశావా? మెల్లగా మాట్లాడితే ఎంత హాయో," అని భుజంగరావు నవ్వాడు.

ఆ నవ్వుతో అలివేణికి అర్థమైంది. కడుపులో ఉన్నప్పుడూ, పుట్టాకా పిల్ల విన్నది ఆ చప్పని గొంతే. దానికి తెలిసిన అమ్మ ఆ గొంతున్న ఆవిడే. కుర్చీ పోయిందని వచ్చింది. ఇక్కడ చూస్తే బిడ్డకే తను పరాయిది!

"నవ్వకండి!" అని అరిచింది. పాప మళ్లీ ఏడుపందుకుంది.

"పసిది దడుచుకుంటోందమ్మా..."

"దడుచుకోనీండి. వీళ్లమ్మను నేను. ఇవాళ్టి నుంచి నా గొంతు నేర్చుకుంటుంది. ముందు మీరు నా కుర్చీ సంగతి చెప్పండి."

పాప మాత్రం ముఖం అటు తిప్పుకుని, వాళ్లమ్మ కోసం ఏడుస్తూనే ఉంది.